కాలిలో కూర్చున్న గాడిద

బీ తీమా చేతుల గురించి లాము దీవి ఊళ్ళో చెప్పుకునేవాటిలో సగమే అబద్ధం. ఆ సగం ఏదో ఎవరికీ తెలీదు కాబట్టి అందరూ మొత్తం నమ్ముతారు. ఆమె బాలింత నడుం పడితే పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా నొప్పి తగ్గుతుంది. ఒకసారి మధ్యాహ్నం గోడకానుకుని కునుకు తీస్తూ, నిద్రలోనే ఆ గోడను పిసికింది. రెండొందల ఏళ్ళుగా వీధిలోకి ఒరిగి ఉన్న పగడపురాతి గోడ మర్నాటికి నిటారుగా నిలబడింది. గోడ ఇప్పటికీ ఉంది, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

యాభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఏ ఇంట పురుడొచ్చినా నలభై రోజులూ బీ తీమాదే రాజ్యం. వేడినీళ్ళు, లవంగాలు వేసి కాచిన కొబ్బరినూనె, పొట్టకి బిగించి కట్టే గుడ్డ. నలభై రోజులూ బాలింత మేడ దిగదు, బీ తీమా చేతులు ఆగవు.

అలాంటి బీ తీమాని, సొంత మనవరాలు స్వబ్రా ఆడపిల్లని కన్నప్పుడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నారు.

పురుడైన ఆరో రోజున స్వబ్రా ఎడమకాలు వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది. ఎడమది మాత్రం తొడ దగ్గర్నుంచి పాదం దాకా పనసపండులా ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా, రాయిలా బరువుగా అయిపోయింది. బీ తీమా నూనె వేడి చేసి గిన్నె పట్టుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పసిపిల్లని తూచడానికి నర్సు మ్వానహేరి మేడెక్కింది. ఆ మ్వానహేరి పుట్టినప్పుడు మొదట పట్టుకున్న చేతులు కూడా బీ తీమావే. ఆ సంగతి ఆమె రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తుంది. గుర్తుచెయ్యని రోజున నర్సుకి ఏదో వెలితిగా ఉంటుంది.

"ఆ గిన్నె కింద పెట్టండి బీ," అంది మ్వానహేరి, గుమ్మంలోంచే.

"నూనె చల్లారిపోద్దే పిల్లా."

"చల్లారనివ్వండి. ఆ కాలిమీద చెయ్యి వెయ్యకండి."

"నీ తలకాయ గుండ్రంగా ఉందంటే ఈ చేతులు నొక్కబట్టే. లేకపోతే బొప్పాయికాయలా ఉండేది."

"తల సరిగ్గా ఉంది కాబట్టే చెప్తున్నా. వద్దు."

ఆ పూటే స్వబ్రాని పడవలో అవతలి ఒడ్డుకి దాటించి, అక్కణ్ణుంచి బండిలో మొంబాసా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ కాలికి చల్లటి జిగురు రాసి, టీవీలాంటి దాంట్లో కాలి లోపలికి తొంగిచూశారు. నాలుగో రోజున స్వబ్రా తిరిగొచ్చింది. ఆమెతోపాటు ఒక అట్టపెట్టె వచ్చింది. పెట్టె నిండా మందు నింపి ఉన్న చిన్నచిన్న సూదులు.

మ్వానహేరి మంచం పక్కన చాపమీద కూర్చుని అడిగింది. "బీ, మన సందులో గాడిద కూర్చుంటే ఏమవుద్ది?"

"ఏమవుద్ది, అందరూ ఆగిపోతారు. పోయినేడు అలాగే ఒకటి కూర్చుంటే పెళ్ళికొడుకు మూడు రోజులు ఆగిపోయాడు."

"ఒక పూటే కదా ఆగింది."

"నీకేం తెలుసు. పెళ్ళికూతుర్ని అడుగు, మూడు రోజులంటది."

"సరే. స్వబ్రా కాలి నరంలో రక్తం గడ్డకట్టి అలా కూర్చుంది. వెనకాల రక్తం ఆగిపోయి కాలు వాచింది. ఇప్పుడు మీరు దాన్ని నొక్కి, నెట్టారనుకోండి. లేచి పరుగెత్తుద్ది. మన సందు చివర ఏముంది?"

"రేవు."

"స్వబ్రాకి సందు చివర ఊపిరితిత్తులున్నాయి. గాడిద అక్కడికెళ్ళి అడ్డం పడితే ఊపిరాడదు. గంటలో మనిషి పోవచ్చు."

బీ తీమా తన చేతుల వంక చూసుకుంది. అవి ఆ సమయంలో తమకేమీ తెలియనట్టు ఒంటికి చుట్టుకున్న లెసో గుడ్డ అంచు మడతలు పెట్టుకుంటున్నాయి.

"మరి ఈ సూది గాడిదని తోలేస్తుందా?"

"తోలదు. ఇంకో గాడిద వచ్చి దాని వెనకాల కూర్చోకుండా కాపలా కాస్తుంది. కూర్చున్నదాన్ని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. నెలలు పడుతుంది."

"గాడిద కరగడమేమిటే."

"కాపలా సరిగ్గా ఉంటే కరుగుద్ది. అందుకే ఒక్క పూట కూడా తప్పకూడదు. పొద్దుపొడిచాక గంట ఆగి ఒకటి, పొద్దుగుంకాక గంట ఆగి ఒకటి."

రోజుకు రెండుసార్లు మేడెక్కడం మ్వానహేరికి కుదరదు. ఆమె పడవలో నాలుగు దీవులు తిరగాలి. ఇంట్లోవాళ్ళే నేర్చుకోవాలి. స్వబ్రా సూదిని పొట్టదాకా తెచ్చి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "నా చెయ్యి నా మాట వినట్లేదు అమ్మమ్మా," అంది. స్వబ్రా మొగుడు అథ్మాన్ ఓడ సరంగు. ఒట్టి చేతుల్తో సొరచేపని పట్టి, దానికి బుద్ధి చెప్పి మళ్ళీ సముద్రంలో వదిలానని చెప్పుకునే మనిషి. సూది మూత తియ్యగానే నేలమీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏమైంది అబ్బాయ్?" అడిగింది బీ తీమా.

"ఏం లేదమ్మమ్మా. నేల చల్లగా ఉందేమో చూస్తున్నా."

అలా ఆ పని బీ తీమాకి వచ్చింది. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుంది. స్వబ్రాని వెల్లకిలా పడుకోబెట్టింది. బొడ్డుకి మూడు వేళ్ళు అవతల, ఒక పూట కుడివైపు, ఒక పూట ఎడమవైపు. పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్ళతో మడతలా పట్టుకుని, సూదిని నిట్టనిలువుగా దించి, మెల్లగా నొక్కాలి. సూది బయటికొచ్చేదాకా మడత వదలకూడదు.

"ఆగు," అంది బీ తీమా మొదటిసారి. "ఇందులో గాలి బుడగుంది. నన్ను హంతకురాల్ని చేస్తావా?"

"దాన్ని తియ్యకండి. ఈ సూదిలో అది ఉండాలనే పెట్టారు. బయటికి నెడితే దాంతో మందు కూడా పోతుంది. సూది కిందికి పట్టుకుంటే బుడగ పైకి తేలి, ఆఖర్న వచ్చి చివరి చుక్కని లోపలికి తోస్తుంది."

బీ తీమా సూదిని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ఆ బుడగలో కిటికీ ఉంది. కిటికీలో రేవుంది. రేవులో తెరచాప ఎత్తిన ఓడ ఒకటి, గోరులో సగమంత, తలకిందులుగా తేలుతోంది. ఆ ఓడలో ఎవరో చెయ్యూపినట్టు కూడా ఆమెకి అనిపించింది. మనిషి లోపలికి పంపేముందు ఒక సముద్రాన్ని ఇంత చిన్నగా చుట్టిపెట్టిన వాళ్ళెవరో, వాళ్ళకి ఓపిక చాలా ఉండుండాలి.

"అయిపోయాక రుద్దకండి," అంది మ్వానహేరి. "రక్తం చిక్కబడకుండా మందు పడింది కదా, రుద్దితే చర్మం కింద కారి కమిలిపోతుంది. నొప్పి మాత్రలు కూడా నన్నడక్కుండా వెయ్యకండి. ఎక్కడైనా రక్తం ఆగకపోయినా, మైల రక్తం ఎక్కువైనా, ఛాతీలో నొప్పొచ్చినా, ఊపిరి అందకపోయినా, నాకోసం చూడొద్దు, పడవ ఎక్కించండి. వాడిన సూదులు మాత్రం ఆ గట్టి నూనె డబ్బాలో వెయ్యండి. డబ్బా నిండాక నేనే పట్టుకెళ్తా."

బీ తీమా అన్నిటికీ తలూపింది. రుద్దొద్దన్న మాట మామూలు చేతులున్న వాళ్ళకి చెప్పిందని అర్థం చేసుకుంది.

ఐదు రోజులు అలాగే గడిచాయి. ఆ మేడగదిలో రోజులు గడవడం కూడా గడిచినట్టుండదు. సముద్రం గాలి తెరని లోపలికి ఊదుతుంది, మళ్ళీ బయటికి పీల్చుకుంటుంది. కింద సందులో గాడిదల గిట్టలు ఎవరో నిద్రలో తలుపు తడుతున్నట్టు వినిపిస్తాయి. తలగడ కింద పోసిన మల్లెమొగ్గలు ఏ వేళకి విచ్చుకోవాలో మరిచిపోయి మధ్యాహ్నమే విచ్చుకుంటాయి. పసిపిల్ల నిద్రలో నవ్వితే, ఆ నవ్వు చూసి స్వబ్రాకి నిద్రొస్తుంది. స్వబ్రాని చూసి గోడమీది బల్లికి నిద్రొస్తుంది. సూది వేసిన ప్రతిసారీ, స్వబ్రా కళ్ళు మూతపడగానే, బీ తీమా అరచేతిలో రెండు చుక్కల నూనె వేసుకుని సూది పడ్డచోట గుండ్రంగా, ప్రేమగా, యాభై ఏళ్ళ అనుభవంతో రుద్దింది. కాలి జోలికి పోలేదు. పొట్ట తన సొంత పొలం కదా అనుకుంది.

ఆరో రోజు పొద్దున చూస్తే స్వబ్రా పొట్టమీద బొడ్డు చుట్టూ నల్లగా, నీలంగా, వంకాయరంగులో మచ్చలు. ఒక్కోటి అరచేయంత. ఏ సముద్రంలో ఏ దీవి ఎక్కడుందో చెప్పడానికి గీసిన పటంలా ఉంది.

బీ తీమా దుప్పటి పొట్టమీదికి లాగేసింది. ఇది మందు కాదు, పిల్లని లోపల్నుంచి కుళ్ళబెట్టే విషం అనుకుంది. పైగా ఊళ్ళో ఆడవాళ్ళు ముందురోజే వచ్చి వెళ్ళారు. "ఊరందరి నడుములూ పట్టి, సొంత మనవరాలి కాలు పట్టలేదంటే ఏంటో బీ," అని ఒకావిడ కాఫీ ఊదుకుంటూ అంది. ఇంకొకావిడ తన మోకాలు కూడా వాచిందని, పెట్టెలోంచి ఒక సూది ఇమ్మని అడిగింది. "ఇదేమన్నా ఉప్పా, చెంచాడు పెట్టివ్వడానికి? మా పిల్ల బరువు తూచి దానికే రాశారు. నీకు సరిపోవాలంటే సూది కాదు, కుండ కావాలి," అని బీ తీమా పంపించేసింది. కానీ మొదటావిడ మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

"ఈ పూట సూది వద్దన్నారు," అంది బీ తీమా మనవరాలితో.

"ఎవరు?"

"ఎవరో ఒకరు. పడుకో."

పెట్టెని తన లెసోలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత నూనె వేడిచేసుకుని, గిన్నె పక్కన పెట్టుకుని, మంచం దగ్గర కూర్చుంది. కాలు ఎలా పట్టాలో ఆమెకి చెప్పాలా. అసలు మొదటిరోజే పట్టుంటే ఈపాటికి స్వబ్రా మెట్లమీద పరుగెత్తేది. గాలి తెరని లోపలికి ఊదింది, బయటికి పీల్చుకుంది. కింద గిట్టలు తలుపు తట్టాయి. బీ తీమా కళ్ళు మూతపడ్డాయి.

ఆమె ఒక సందులో నడుస్తోంది. తమ సందులాగే ఇరుకు, చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కానీ గోడలు రాతివి కావు, వెచ్చగా, మెత్తగా ఉన్నాయి, చాలా నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి. వెలుగు దానిమ్మగింజ రంగులో ఉంది. సందు మలుపులో ఒక గాడిద కూర్చుని ఉంది. బూడిదరంగు గాడిద, మంచి మొహం. నమలడానికేమీ లేకపోయినా నములుతోంది.

మూలన ఒక స్టూలు ఉంది. కాపలావాడు కూర్చునే స్టూలు. అతని కర్ర గోడకి ఆనించి ఉంది, అతను మాత్రం లేడు. స్టూలుమీద ఎవరిదో లెసో మడిచిపెట్టి ఉంది. అది తనదే అని బీ తీమా గుర్తుపట్టింది. గుర్తుపట్టనట్టు నటించింది.

అప్పుడు సందు మొదట్లోంచి ఇంకో గాడిద వచ్చింది. ఇటూ అటూ చూసింది. స్టూలు ఖాళీగా ఉండటం గమనించి, మొదటిదాని వెనకాల మర్యాదగా కూర్చుంది. దాని వెనక ఇంకోటి. దాని వెనక నాలుగు. లాములో ఉన్న మూడువేల గాడిదలూ ఒకదాని తోక ఒకటి చూసుకుంటూ, ఏ తొందరా లేకుండా, స్వబ్రా కాలిలోకి వచ్చి కూర్చుంటున్నాయి.

"లెండి, పోండి," అంది బీ తీమా. ఆమె చేతులు మాటకోసం ఆగలేదు. వాటంతట అవే వెళ్ళి మొదటి గాడిద వీపుమీద పడ్డాయి. నూనె రాసుకున్న చేతులు, యాభై ఏళ్ళ చేతులు. గుండ్రంగా, ప్రేమగా నెట్టాయి. గాడిద నమలడం ఆపింది. ఒక చెవి నిలబెట్టింది. తర్వాత రెండోది. ముందుకాళ్ళు సర్దుకుని, లేవడానికి మోకాళ్ళమీదికి వచ్చింది. సందు చివర, చాలా దూరంలో, ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు.

బీ తీమాకి మెలకువ వచ్చింది.

ఆమె కుడిచెయ్యి, అరచేతినిండా గోరువెచ్చటి నూనెతో, స్వబ్రా ఎడమ పిక్కకి నాలుగు వేళ్ళ ఎత్తున ఆగి ఉంది. అది ఎప్పుడు గిన్నెలోకి వెళ్ళిందో, ఎప్పుడు ఇక్కడిదాకా వచ్చిందో ఆమెకి తెలీదు. నూనె ఒక చుక్క రాలి దుప్పటిమీద పడింది.

"అథ్మాన్," అని పిలిచింది బీ తీమా. "మ్వానహేరిని పిలుచుకురా. నడిచి కాదు."

నర్సు వచ్చేసరికి ఎండ గోడ దిగుతోంది. మచ్చలు చూసింది. వంగి వాసన చూసింది.

"రుద్దారా బీ?"

"నేనా? లేదు."

"పొట్ట లవంగాల వాసనొస్తోంది."

"పిల్ల పులావు తిన్నది."

"పొట్టమీదుగా తిన్నదా?"

బీ తీమా లేచి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి పెట్టె తీసి, బియ్యం దులిపి, నర్సు ఒళ్ళో పెట్టింది. "పొద్దుటిది వెయ్యలేదు," అంది. ఆ ఇంట్లో ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం గోడలు కూడా ఎప్పుడూ వినలేదు.

మ్వానహేరి తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉంది. స్వబ్రా నాడి చూసింది, ఊపిరి లెక్కపెట్టింది, మొంబాసా డాక్టరుకి ఫోన్ చేసి మచ్చల సంగతీ, తప్పిన పూట సంగతీ చెప్పింది. అవతల మాటలు విని, పెట్టేసి చెప్పింది. "సాయంత్రం సూది దగ్గరపడింది కాబట్టి తప్పింది తప్పిందే. దాని బదులు రెండు కలిపి వెయ్యకూడదు, అప్పుడు రక్తం ఆగదు. సాయంత్రం దాని వేళకి ఒకటే వెయ్యాలి. మచ్చలు మందువల్ల కాదు బీ, మీ చేతులవల్ల. అప్పుడప్పుడు చిన్నచిన్నవి మామూలే. ఇంతవి మామూలు కాదు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా చూస్తూ కూర్చోవడమే."

పొద్దుగుంకి గంటయ్యేదాకా బీ తీమా మనవరాలి ఛాతీ వంక చూస్తూ కూర్చుంది. యాభై ఏళ్ళలో ఒక బాలింతని చెయ్యి పెట్టకుండా అంతసేపు చూడటం అదే మొదలు. ఛాతీ లేచింది, దిగింది. తెర లోపలికొచ్చింది, బయటికెళ్ళింది. పసిపిల్ల పొట్ట, స్వబ్రా ఛాతీ, కిటికీ తెర, అవతల రేవులో అలమీద ఓడ, అన్నీ ఒకదానికొకటి వంతు ఇచ్చుకుంటూ లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఒకసారి స్వబ్రా ఊపిరి కాస్త ఆలస్యమైనట్టనిపించి, బీ తీమా తన ఊపిరి ఆపి దారిచ్చింది.

"ఏంటమ్మమ్మా అలా చూస్తున్నావ్?" అంది స్వబ్రా కళ్ళు తెరిచి.

"ఏం లేదు. నీ ముక్కు మీ తాతది. ఊపిరి సరిగ్గా ఆడుతోందా?"

"ఆడుతోంది."

"ఆడించు."

వేళ కాగానే బీ తీమా చేతులు కడుక్కుని, మచ్చలు లేని చోటు వెతికి, మడత పట్టుకుని, సూది దించింది. బుడగ ఆఖర్న వెళ్ళింది. సూది డబ్బాలో పడింది. అప్పుడామె రెండు చేతులూ అథ్మాన్ ముందుకి చాపింది.

"కట్టు."

"ఏంటమ్మమ్మా?"

"నా లెసోతో కట్టు. ఓడని రేవుకి కట్టే ముడి వెయ్యి. వీటికి బుద్ధి లేదు, నిద్రలో కూడా తిరుగుతున్నాయి."

సూదితో సంబంధం లేని పని ఒకటి దొరికినందుకు అథ్మాన్ చాలా శ్రద్ధగా కట్టాడు. ఆ ముడి తుఫానులో రెండు ఓడల్ని ఆపగలదని తర్వాత రేవులో చెప్పుకున్నాడు. బీ తీమా చేతులు మాత్రం రెండో రోజున అందులోంచి తప్పించుకున్నాయని, మూడో రోజునుంచి అతను రెండు ముళ్ళు వేశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి సూది వేసిన ప్రతిసారీ, పూటకో అరగంట, ఆ ఊళ్ళోకెల్లా గొప్ప చేతులు కట్లలో కూర్చున్నాయి. ఆడవాళ్ళు వచ్చి చూశారు. కాఫీ ఊదుకునే ఆవిడ నవ్వింది. "బీ తీమాని అరెస్టు చేశారు," అంది.

"నన్ను కాదు, వీటిని," అంది బీ తీమా. "జామీను కూడా లేదు. ఆ కప్పు కాస్త నా నోటికి పట్టు, చల్లారుతోంది."

ఆవిడ కప్పు పట్టింది.

మచ్చలు వంకాయరంగునుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చనుంచి పసుపుకి దిగాయి. దీవులు ఒక్కొక్కటే మునిగిపోయాయి. మ్వానహేరి కొబ్బరిపీచు తాడుతో కాలి చుట్టుకొలత తీసి ముడి వేసేది. వారం వారం ముడి కాస్త ఇవతలికి జరిగింది. నలభయ్యో రోజున స్వబ్రా మెట్టు మెట్టుకీ ఆగుతూ మేడ దిగి, వీధి అరుగుమీద కూర్చుంది. సూదులు మాత్రం ఆగలేదు. ఇంకా చాలా వారాలు ఉండాలని, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలని రాసి ఉంది.

ఆ మర్నాడే మంచి గాలి పట్టి అథ్మాన్ ఓడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ముడి ఎలా వెయ్యాలో స్వబ్రాకి రెండుసార్లు చూపించాడు. స్వబ్రా రెండుసార్లూ పసిపిల్ల పాదాలు చూస్తోంది.

ఆ సాయంత్రం బీ తీమా సూది వేసింది. బుడగలో ఈసారి ఓడ లేదు, ఖాళీ సముద్రం మాత్రమే ఉంది. సూది డబ్బాలో పడ్డాక ఆమె అలవాటుగా చేతులు చాపింది. చాపిన చేతుల ముందు ఎవరూ లేరు. స్వబ్రా అప్పటికే నిద్రపోయింది. పొట్టమీద సూది పడ్డచోట ఎర్రటి చుక్క ఒకటి, ఆవగింజంత, ఆమెనే చూస్తోంది. నూనె గిన్నె మూలన ఉంది.

బీ తీమా చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అవి కాసేపు అటూ ఇటూ సర్దుకున్నాయి. కుడిది ఎడమదాని మీద పడింది. కింద సందులో ఏదో గాడిద అడ్డంగా కూర్చున్నట్టుంది, ఎవరో తోలలేక విసుక్కుంటున్నారు.

"ఉండనివ్వయ్యా దాన్ని," అంది బీ తీమా కిటికీలోంచి, పిల్లలు లేవకుండా. "అదే పోతుంది."